శార్వరి మొదలు శోభకృత్తు దాక



2020వ సంవత్సరము మార్చి నెల 25వ తేదీ బుధవారము ఉగాది పండుగ. వికారి గడచి శార్వరి నామ సంవత్సరము ప్రవేశించినది. మా తిరువూరులో ఉగాదినాడు గుడిలో పంచాంగ శ్రవణము జరుగుట మీ యూళ్ళయందువలెనే ఆచారము. ఆ యేడు పంచాంగము విప్పిన పురోహితుని యెదుట వినువారు లేరు. వీధిలో మనిషి లేడు. బస్సులు నిలుచుచోటు బోసిపోయి యుండెను. దేశమంతయు ఇరువదియొక్క దినములు ఇల్లు కదలరాదను ఉత్తరువు ఆ నడిరేయినుండియే అమలులోనికి వచ్చినది. శార్వరి యనగా రాత్రి. సంవత్సరముల పేర్లు ఎన్నడును పట్టించుకొనని నేను ఆ దినమున మాత్రము ఆ పేరును రెండుమూడు మారులు నాలో ననుకొంటిని.

నేను పాఠశాలలో చరిత్ర బోధించి విశ్రాంతి పొందినవాడను. రాజుల పుట్టుకలు, యుద్ధముల తేదీలు పిల్లలచే వల్లె వేయించితిని గాని, రాజులకంటె ఎక్కువమందిని హతమార్చిన మహమ్మారులను గూర్చి పట్టుమని పది దినములు పాఠము చెప్పినవాడను కాను. ఆ లోటును కొంత తీర్చుకొనుటకే నేడు మీ ముందు మాటలాడుచున్నాను. కరోనా యను రోగము ఎట్లు వచ్చినది, ఎట్లు వ్యాపించినది, దానినుండి మనుష్యుడు తన్ను తాను ఎట్లు కాపాడుకొనెను, ఎచ్చట కాపాడుకొనలేకపోయెను అను సంగతులు చెప్పుదును. ఇందు నా తప్పు ఒకటి యున్నది. దానిని గూడ దాచను.

మొదట మా యూరి దారిని గూర్చి ఒక మాట. విజయవాడనుండి ఇబ్రహీంపట్నము, మైలవరము మీదుగా వచ్చు రాజమార్గము తిరువూరును దాటి, తెలంగాణములోని పెనుబల్లి, కొత్తగూడెములకును, అటనుండి భద్రాచలము మీదుగా బస్తరు సీమయందలి జగదల్‌పురమునకును పోవును. మాది పొలిమేర యూరు. మా తండ్రిగారి చిన్ననాట ఆవలి ప్రక్క నైజాము రాజ్యము. నడుమ కరోడుగిరి చౌకీలు. 1956లో ఆ హద్దు చెరిగిపోయెను. 2014 జూన్ 2వ తేదీన రెండు రాష్ట్రములు ఏర్పడగా మరల హద్దు వచ్చెను. హద్దు వచ్చినను పోయినను, వియ్యములు అటునిటు సాగుచునే యున్నవి. మిరపకాయలు, ప్రత్తి, మామిడిపండ్లు ఆ దారినే పోవును. రాముని కల్యాణమునకు పోవు యాత్రికులును ఆ దారినే పోవుదురు. అంటురోగము కూడ దారివెంటనే పోవును. దానికి కాళ్ళు లేవు. మన కాళ్ళే దాని కాళ్ళు.

చరిత్రను చూచినచో ఈ సంగతి తేటపడును. 1817లో వంగదేశమున చెలరేగిన కలరా సైన్యముల వెంటను, యాత్రికుల వెంటను నడచి, మఱుసటి యేటికి దక్కనును, మద్రాసును చేరినది. నాడు రోగము ఎద్దులబండి నడకతో వచ్చినది. 1896లో ప్లేగు బొంబాయి రేవున దిగినది. ఓడల మీద వచ్చినందున సముద్రము దానికి అడ్డు కాలేదు. 1918 జూన్ నెలలో, మొదటి ప్రపంచయుద్ధము ముగియవచ్చిన కాలమున, ఇన్‌ఫ్లుయెంజా జ్వరము ఆ బొంబాయి రేవుననే దిగి, రైలుబండ్లలో దేశమంతట తిరిగినది. 2020లో కరోనా విమానములలో వచ్చినది. దారి వేగమెంతయో రోగము వేగమంత.

1918నాటి సంగతి కొంచెము వివరముగ చెప్పవలసియున్నది. మా నాయనమ్మ దానిని “ఆ యేటి జ్వరము” అని మాత్రమే అనెడిది. ఇంగ్లీషు సంవత్సరములు ఆమెకు తెలియవు. “కాళయుక్తిలో” అని చెప్పి ఊరకుండెడిది. పిమ్మట లెక్క చూచుకొనగా కాళయుక్తి సరిగా 1918–19 అయినది. ఆ జ్వరము వేసవి చివర మొదట వచ్చినప్పుడు అంతగా బాధింపలేదు. వచ్చినది, పోయినదని జనులు ధైర్యము చెప్పుకొనిరి. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో మరల విరుచుకొని పడినది. ఆ రెండవ రాక ఘోరమైనది. ముసలివారిని, పసివారిని మాత్రమే గాక ఇరువది మొదలు నలుబది యేండ్ల లోపలి బలశాలులను అది యెక్కువగ పొట్టన పెట్టుకొన్నది. ఆ యేడే వానలు తప్పి కఱవు వచ్చినది. మన దేశములో చనిపోయినవారు కోటికి పైబడియుందురని అందఱును ఒప్పుకొందురు. కొందఱి లెక్కలో కోటిన్నరకు మించుదురు. ఈ దేశపు జనసంఖ్య లెక్కలలో ఒక్క దశాబ్దమున మాత్రమే జనము తగ్గినది. అది 1911కును 1921కిని నడిమి దశాబ్దము.

ఇంత జరిగియు ఆ సంగతి మన ఊళ్ళలో కథగా గూడ నిలువలేదు. చచ్చినవారిని గూర్చి మాటలాడుట అశుభమని ఊరకుండిరి. ఆ మౌనము వలన మనము నష్టపడితిమి. రోగము మెత్తగా వచ్చి పోయిన పిదప రెండవమారు గట్టిగా రావచ్చునని మన తాతలకు తెలియును; మనకు చెప్పినవారు లేరు.

ఇక కరోనా సంగతి. 2019 డిసెంబరు 31వ తేదీన చీనాదేశమందలి వుహాన్ నగరములో కారణము తెలియని ఊపిరితిత్తుల వ్యాధి పుట్టినదని లోకమునకు తెలిసినది. 2020 జనవరి 30వ తేదీన మన దేశములో మొదటి రోగి కేరళమందలి త్రిశూరులో కనబడెను. ఆ దినముననే ప్రపంచారోగ్య సంస్థ అంతర్జాతీయ అత్యవసర స్థితిని ప్రకటించినది. మార్చి 11న దీనిని ప్రపంచవ్యాప్తమైన మహమ్మారిగా పేర్కొన్నది. మఱునాడు మన రాష్ట్రమున మొదటి రోగము నెల్లూరులో తేలినది. ఇటలీనుండి తిరిగివచ్చిన విద్యార్థికి అది సోకియుండెను. వుహాన్ ఎక్కడ, నెల్లూరు ఎక్కడ! నడుమ గడచినవి రెండున్నర నెలలు మాత్రమే.

ఈ రోగమునకు మూలము వైరసు అను అతిసూక్ష్మమైన పదార్థము. అది మామూలు సూక్ష్మదర్శినిలో గూడ కనబడనంత చిన్నది. తనంత తాను బ్రతుకజాలదు. మన శరీరములోని కణములలో చొచ్చి, వానిచేతనే తన సంతతిని పెంచుకొనును. దానిచుట్టు కిరీటపు మొనలవలె ముండ్లుండుటచే కరోనా యని పేరు వచ్చినది. లాటిను భాషలో కరోనా యనగా కిరీటము. ఆ ముండ్ల క్రింద పలుచని క్రొవ్వు పొర యొకటి యుండును. సబ్బు క్రొవ్వును విడదీయునని మన స్త్రీలందఱును ఎఱుగుదురు. నేతిగిన్నె ఉత్తనీళ్ళకు వదలదు, సబ్బుకు వదలును. అట్లే చేతులను సబ్బుతో ఇరువది లెక్కించునంతసేపు రుద్దినచో ఆ పొర చినిగి వైరసు నశించును. చేతులు కడుగుకొనుట మడికొఱకు మాత్రమే కాదు, ప్రాణముకొఱకు గూడ నని దీనివలన తెలియవలెను.

అయితే ఈ రోగము ముఖ్యముగ చేతులవలన గాక ఊపిరివలన అంటును. రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, బిగ్గరగా మాటలాడినప్పుడు, పాడినప్పుడు, ఊరక ఊపిరి విడిచినప్పుడును సన్నని తుంపరలు వెలికి వచ్చును. పెద్ద తుంపరలు కొంత దూరము పోయి నేల రాలును. మిక్కిలి సన్ననివి మూసిన గదిలో అగరువత్తి పొగవలె తేలుచుండును. ఈ రెండవ సంగతిని శాస్త్రజ్ఞులు సైతము మొదట చాలినంతగా గుర్తింపలేదు. పోను పోను గుర్తించిరి. పొగను తలచుకొన్నచో మీకు జాగ్రత్తలన్నియు తెలియును. అరుగు మీద కూర్చున్నవారికి పొగ తగులదు. కిటికీలు మూసిన గదిలో పదిమంది కూర్చున్నచో అందఱికిని తగులును. కావుననే ముక్కు నోరు రెండును కప్పు గుడ్డ, ఎడము, గాలి యాడు ఇల్లు అను మూడును చెప్పిరి. గుడ్డను గడ్డము క్రింద కట్టుకొనినచో అది అలంకారమే గాని కాపు కాదు.

రోగము సోకిన రెండు మొదలు పదునాలుగు దినములలోపల, తఱచుగ అయిదాఱు దినములకు, జ్వరము, పొడిదగ్గు, ఒళ్ళునొప్పులు, నీరసము కనబడును. కొందఱికి వాసన, రుచి తెలియకుండ పోయినవి. కొందఱికి ఏ గుర్తును కనబడదు. కాని గుర్తులు కనబడకమునుపే రోగి ఇతరులకు అంటించును. ఇదియే ఈ రోగముయొక్క మోసము. మశూచికము మొగము మీదనే వ్రాసియుండును. దీనికి ఆ గుర్తు లేదు.

రోగులలో ఎక్కువమంది ఇంటివద్దనే కోలుకొనిరి. కొందఱికి మాత్రము రెండవ వారమున ఊపిరితిత్తులు చెడును. రక్తములో ప్రాణవాయువు తగ్గినను రోగి కూర్చుండి మాటలాడుచునే యుండును. వ్రేలికి తగిలించు చిన్న యంత్రములో 94కు తక్కువ చూపినచో ఆలసింపక ఆసుపత్రికి పోవలెను. అరువది దాటినవారికి, మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు గలవారికి అపాయము హెచ్చు. ప్రాణవాయువు అవసరమైన రోగులకు డెక్సామెథసోన్ అను చవుకైన మందు ప్రాణము నిలుపునని 2020 జూన్ నెలలో ఇంగ్లండు వైద్యులు నిరూపించిరి. ఆ మందునే జ్వరము వచ్చిన మొదటినాడే స్వంతముగ మ్రింగినవారికి మేలుకు మాఱు కీడు కలిగెను. మధుమేహముండి, ఇట్టి మందులు మితిమీరి వాడినవారిలో కొందఱు 2021లో నల్ల బూజు రోగము పాలై కన్నులను, ప్రాణములను పోగొట్టుకొనిరి. మంచి మందైనను వేళ కాని వేళ విషమగును.

ఇప్పుడు మీకొక ప్రశ్న తోచవచ్చును. ఈ యెడముండుట, ఈ యిల్లు కదలకుండుట, ఇవి మనకు క్రొత్తవా? కావు. 1377లో ఆడ్రియాటిక్ సముద్రతీరమున రగూసా యను పట్టణమువారు రోగమున్న చోటనుండి వచ్చినవారిని ముప్పది దినములు ఊరి వెలుపల నుంచిరి. వెనీసువారు దానిని నలుబది దినములు చేసిరి. మన దక్కను గ్రామములలో ప్లేగు దినములందు ఎలుకలు రాలుట చూడగానే జనులు ఊరు విడిచి పొలములలో పాకలు వేసికొని వసించెడివారు. ప్లేగు ఎలుకల మీది గోమార్లవలన వచ్చునని శాస్త్రజ్ఞుడు సైమండు 1898లో కరాచీలో కనుగొనెను. ఆ కారణము తెలియకయే మన రైతులు తగిన పని చేసిరి. ఇంట అమ్మవారు పోసినప్పుడు గుమ్మమునకు వేపమండ కట్టెడివారు. దాని భావము, “లోనికి రావలదు” అనియే గదా! ఆ యిల్లు దాటి ఎవరును శుభకార్యములకు పోయెడివారు కారు. అది మన పెద్దలు పెట్టిన కట్టు.

పెద్దలు చేసిన తప్పును గూడ చెప్పవలెను. వేపమండ కట్టుట మంచిదే. టీకా వేయించినచో పోలేరమ్మ ఆగ్రహించునని పిల్లలను గాదెల వెనుక దాచుట మంచిది కాదు. 1796లో ఇంగ్లండులో జెన్నరు కనిపెట్టిన మశూచికపు టీకా 1802 జూన్ 14వ తేదీన బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అను మూడేండ్ల బాలికకు మన దేశమున మొదటిసారిగా వేయబడినది. అప్పటినుండి మశూచికము దేశము విడుచుటకు 1975 దాక పట్టినది. నూటడెబ్బది యేండ్లకు పైగా! మందు లేక కాదు. మందు అందఱికిని అందించు ఏర్పాటు ఆలస్యమైనది. అందినచోట గూడ భయము అడ్డుపడినది. 1980లో మశూచికము లోకముననే లేదని ప్రకటించిరి. నా యీడువారి భుజముల మీద ఆ టీకా మచ్చలు ఇంకను గలవు. మన మనుమల భుజముల మీద లేవు. అంతకంటె గొప్ప విజయస్తంభమును ఏ రాజును నాటియుండలేదు.

దాచుటను గూర్చి చరిత్ర మఱియొక పాఠము చెప్పుచున్నది. 1897లో అంటురోగముల చట్టము పుట్టినది. ఆ యేడు పూనాలో సోల్జర్లు ఇండ్లలో చొరబడి రోగులను వెదకిరి. వంటయింటికి, పూజగదికి గూడ పోయిరి. జనుల కడుపు మండినది. ప్లేగు అధికారి రాండును చాపేకరు సోదరులు కాల్చిరి. చరిత్ర పుస్తకములలో ఇంతవఱకే యుండును. దాని వెనుక నున్న సంగతి యేమనగా, ఆ భయముచే జనులు రోగులను దాచిపెట్టిరి. దాచిన రోగము దాచిన నిప్పు. బలవంతము చేసిన ప్రభుత్వముది ఒక తప్పు. దాని ఫలముగ రోగము ఇల్లిల్లు తిరిగినది. ఆ 1897 చట్టమునే 2020లో మరల బయటికి తీసిరి.

2020లో మనము చేసిన మంచి చాల గలదు. ఆశా కార్యకర్తలు, నర్సులు, గ్రామ సచివాలయపు యువకులు మండుటెండలో ఇంటింటికి తిరిగి జ్వరములు విచారించిరి. భద్రాచలమున సీతారాముల కల్యాణము ఏప్రిల్ 2వ తేదీన భక్తులు లేకయే జరిగినది. మఱుసటి యేడును అంతే. తిరుమలలో సుమారు ఎనుబది దినములు భక్తులకు దర్శనము లేదు. దేవుడే తలుపు మూసికొని మనకు దారి చూపెనని మా పురోహితుడు చెప్పిన మాట నాకు నచ్చినది.

చేసిన చెడుగును గూడ దాచరాదు. కూలిపనికై దూరము వచ్చినవారికి ఇల్లు కదలరాదను ఉత్తరువు ఇల్లు చేరరాదను ఉత్తరువైనది. తెలంగాణమున మిరపకోతకు వచ్చిన పన్నెండేండ్ల బాలిక యొకతె ఏప్రిల్ నెలలో బస్తరు సీమయందలి తన యింటికి మూడు దినములు నడచి, ఇల్లు చేరుటకు కొలది దూరముననే ప్రాణము విడిచినది. ఆమెను చంపినది వైరసు కాదు. వలసకూలీల కొఱకు మొదటి ప్రత్యేకపు రైలు మే 1వ తేదీన లింగంపల్లినుండి ఝార్ఖండమునకు కదలినది. అప్పటికి నెల దాటినది. ఊరి మొగదలలో ముండ్లకంప వేసి, ఆకలితో నడచి వచ్చినవారిని వెళ్ళగొట్టిన గ్రామములు గలవు. అన్నము వండి దారి ప్రక్కన విస్తళ్ళు పఱచిన గ్రామములును గలవు. ఎడము పాటించుటకును వెలివేయుటకును గల భేదము ఎఱిగిన ఊరే నాగరికమైన ఊరు.

శార్వరి గడవవచ్చినది. 2021 జనవరి, ఫిబ్రవరి నెలలలో రోగము తగ్గినట్లు కనబడెను. పెండ్లిపందిళ్ళు లేచినవి. 1918ని మఱచితిమి. జనవరి 16న టీకాలు మొదలైనవి. ఒకటి పూనాలో తయారైన కోవిషీల్డు. రెండవది హైదరాబాదులో భారత్ బయోటెక్ సంస్థవారు తయారుచేసిన కోవాక్సిన్. మార్చి 1వ తేదీనుండి అరువది దాటిన మాబోటివారికి వేయసాగిరి.

ఇక్కడ నా తప్పు చెప్పుదును. నా బాల్యమిత్రుడొకడు, రైతు, ఆ మార్చి నెలలో ఒకనాటి సాయంకాలము మా అరుగు మీద కూర్చుండి నన్నడిగెను. “ఏరా, నువ్వు చదువుకున్నవాడివి. ఈ సూది వేయించుకోమంటావా?” సూది వేసికొన్నవారు చచ్చిపోవుచున్నారని ఎవరో చెప్పగా నేనును వినియుంటిని. అది అబద్ధమని తోచుచునే యుండెను. కాని అవుననియు కాదనియు చెప్పక, “తొందరేముందిరా, నలుగురికీ వేసినాక చూద్దాంలే” అంటిని. ఏప్రిల్ నెలలో నా కుమార్తె పట్టుబట్టగా నేను పోయి వేయించుకొంటిని. మాట మార్చుకొన్నానను సిగ్గుచే ఆ సంగతి అతనికి చెప్పలేదు.

ప్లవ నామ సంవత్సరము వచ్చినది. ప్లవ మనగా తెప్ప. ఆ తెప్పను అందుకొనలేకపోయినవారు లక్షలు. మే నెల మొదట దేశములో ఒక్క దినముననే నాలుగు లక్షలకు పైగా క్రొత్త రోగులు తేలిరి. మన రాష్ట్రమున మే 5 నుండి మధ్యాహ్నము పండ్రెండు గంటలకే అంగళ్ళు మూయించిరి. నా మిత్రునికి ఆ దినములలోనే జ్వరము వచ్చినది. ఇంట మనుమరాలి పెండ్లికి లగ్నము పెట్టియుండిరి. జ్వరమని తెలిసినచో పెండ్లి ఆగునని దాచిరి. ఆశా కార్యకర్త వచ్చి విచారించగా, “అందరం కులాసాగానే ఉన్నాం తల్లీ” అని చెప్పిరి. ఆమె అట్లే వ్రాసికొని పోయినది. తొమ్మిదవనాడు అతనికి ఊపిరి అందలేదు. విజయవాడ పోవు దారిలోనే ప్రాణము పోయినది. ఒడలంతయు కప్పుకొన్న నలుగురు మనుష్యులు అతనిని మోసిరి. ఎనిమిదేండ్ల వయసునుండి నాతో ఈతకొట్టినవానిని వీధి చివరనుండి చూచి తిరిగి వచ్చితిని. నేటికిని ఆ యింట “గుండె ఆగిపోయినది” అనియే చెప్పుదురు.

అతడు టీకా వేసికొనియున్నచో బ్రదికియుండెడివాడా? నిశ్చయముగ చెప్పజాలను. టీకా రోగమును పూర్తిగ ఆపదు. రోగము తీవ్రమై ప్రాణము మీదికి రాకుండ చాలవఱకు ఆపును. ఆ యవకాశమును అతనికి లేకుండ చేసినది నా “చూద్దాంలే” యను మాట. ఎవరో చెప్పిన అబద్ధము అతనిని నమ్మింపలేదు. నా మౌనము నమ్మించినది. నన్నడిగినది నా చదువును చూచి. గ్రామములలో పెద్దల మాట ఒక్కొక్కప్పుడు మందుకంటె ముందు పోవును. కావున పెద్దల మౌనము గూడ ముందే పోవును.

ఆ మే నెలలోనే నెల్లూరు జిల్లా కృష్ణపట్నమున పంచుచున్న నాటుమందు కొఱకు వేలకొలది జనము త్రోపులాడుకొనుచు గుమిగూడిరి. ప్రాణభయము గలవారిని నేను నిందింపను. అయితే ఆ మందు కరోనాను కుదుర్చునని పరీక్షలలో నిరూపణ కాలేదు. ఆ గుంపులో రోగము అంటుట మాత్రము నిశ్చయము. నమ్మకమునకును నిరూపణకును భేదమున్నదని పిల్లలకు ఇప్పుడైనను నేర్పవలెను. 1897 జనవరిలో హాఫ్‌కిన్ బొంబాయిలో తాను చేసిన ప్లేగు టీకాను మొదట తన శరీరముననే పొడుచుకొని చూచెను. పిమ్మట వందలమంది మీద లెక్క కట్టి చూచిరి. శాస్త్రమనగా ఆ లెక్కయే.

పిమ్మట జనులు మేల్కొనిరి. జూన్ 20వ తేదీ యొక్క దినముననే మన రాష్ట్రములో పదమూడు లక్షలకు పైగా టీకాలు వేసిరి. 2022 జులై 17 నాటికి దేశములో వేసిన మోతాదులు రెండువందల కోట్లు దాటినవి. శుభకృత్తు గడచి శోభకృత్తు రాగా, 2023 మే 5వ తేదీన ప్రపంచారోగ్య సంస్థ అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించినది. శార్వరిలో పడిన చీకటి శోభకృత్తున తొలగినదని సంవత్సరముల పేర్లు చూచి సంతోషింపవచ్చును.

కాని లెక్కలు చూచినప్పుడు సంతోషము నిలువదు. మన దేశములో ప్రభుత్వపు లెక్కకు ఎక్కిన మరణములు అయిదు లక్షలకు మించినవి. మన రాష్ట్రమున పదునాలుగు వేలకు మించినవి. 2020, 2021 రెండేండ్లలో లోకమంతట, లెక్కకు రానివారితో గూడ, సుమారు కోటి నలుబదితొమ్మిది లక్షలమంది అధికముగ మరణించిరని ప్రపంచారోగ్య సంస్థవారి అంచనా. అందు మన దేశమునకు వారు వేసిన అంచనాను మన ప్రభుత్వము ఒప్పుకొనలేదు. ఏ అంకె సరియో తేల్చుట నా పని కాదు. కాని “గుండె ఆగిపోయినది” అని చెప్పిన ఇండ్లు ఎన్ని యున్నవో తలచుకొన్నప్పుడు, లెక్క ఎచ్చట తప్పునో నాకు తెలియుచున్నది. కాళయుక్తినాటివారు చెప్పక పోయిరి. మనమును చెప్పక పోవలెనా?

రోగము లోకము విడిచి పోలేదు. రూపము మార్చుకొనుచు, చాలమందికి మామూలు జ్వరమువలె వచ్చి పోవుచున్నది. ముసలివారికి, రోగపీడితులకు ఇంకను అపాయమే. రేపు మఱియొక రోగము మఱియొక పేరుతో రావచ్చును. అందులకై పెద్దలగు మీరు జ్ఞాపకముంచుకొనవలసినవి కొలదిగనే యున్నవి. దగ్గు జ్వరము వచ్చినవారు నలుగురిలోనికి రాకుందురు గాక. వచ్చినను ముక్కు నోరు కప్పుకొందురు గాక. ఇంటి కిటికీలు తెఱచియుంచుడు. భోజనమునకు ముందు, బయటినుండి వచ్చిన వెంటనే, సబ్బుతో చేతులు కడుగుడు. పిల్లలకు, ముసలివారికి వైద్యులు చెప్పిన టీకాలు వేళకు వేయించుడు. సూక్ష్మజీవులను చంపు మాత్రలు వైరసు మీద పనిచేయవు. వానిని ఊరక మ్రింగవలదు. రోగిని దూరముగ నుంచుడు, కాని అతని గుమ్మమున అన్నము పెట్టుట మానవలదు. మరణము జరిగినచో కారణముతో గూడ ఉన్నదున్నట్లు వ్రాయించుడు.

వీనియన్నింటికంటె ముందు, మిమ్ము నమ్మి ఒకడు అరుగు మీదికి వచ్చి అడిగినప్పుడు, తెలిసినది చెప్పుడు. తెలియనిచో తెలిసినవారియొద్దకు ఆ దినముననే తీసికొని పొండు. “చూద్దాంలే” అని మాత్రము అనవలదు. ఆ మాట అని నేను ఒక మిత్రుని పోగొట్టుకొంటిని. ఆ అరుగు మీద అతడు కూర్చుండు చోటు నేటికిని ఖాళీగానే యున్నది.

సెలవు.